ఇతరాలు చదివే మేడమ్

నిన్న సంతలో ఉప్పుచేపల దుకాణం దగ్గర ఎవరి జేబులోనో ఫోను టంగుమంది. ఒక్కసారే మోత. నా చేతిలోని సంచి జారి కింద పడింది. దుకాణం ఆవిడ "ఏటి బాబూ, కళ్లు తిరుగుతన్నాయా?" అంది. కళ్లు తిరగలేదు. అచ్చం అలాంటి మోతకే రత్నకుమారి మేడమ్ కుర్చీలోంచి దిగ్గున లేచేవారు, ఆవిడ వెనకాల నేనూ లేచేవాణ్ణి. అరకులో ఆవిడ కింద పనిచేసి ఇన్నేళ్లయినా ఆ ఉలికిపాటు ఒంట్లోంచి పోలేదు.

ఆఫీసంటే రెండు గదులు, ఒక జీపు. కొండ గ్రామాల ఆరోగ్య కార్యకర్తలు ఏ ఆపద వచ్చినా మాకు మెసేజ్ పెట్టేవారు. ఫోనులో మాట నిలవని చోటు నుంచి కూడా మెసేజ్ ఎలాగో కొండ దాటి వచ్చేది. కుప్పలుగా పడేవాటిలో ఆపద ఏదో ఏరడానికి నగరంలోని ఒక కంపెనీ వెబ్ పేజీ చేసి ఇచ్చింది. నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. యాభై దాటాక పాత పుస్తకాలు ముందేసుకుని, ఆ పేజీ రాసిన పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఎవడూ చెప్పలేదు. ఆ భాషలో ఒక వాక్యంలో ఒక మాట ఉందో లేదో చూసే ఆజ్ఞ ఉంది. అది ఒకసారికి ఒక్క మాటే చూస్తుంది. అందుకని పాము, కాటు, ఫిట్స్, కాన్పు, రక్తం అని మాటలన్నీ ఒక వరసలో పెట్టి, ఒక్కొక్కటే తీసి మెసేజ్‌లో వెతికించాలి. ఏ ఒక్కటి తగిలినా తెర ఎర్రబడి గంట మోగుతుంది. ఏదీ తగలకపోతే ఆ మెసేజ్ 'ఇతరాలు' అనే పెట్టెలోకి పోతుంది.

మొదట్లోనే ఆ గంట మా ప్రాణాలు తీసింది. తెర మీద 'పాము' ఎర్రగా వెలిగింది. డ్రైవర్ సింహాచలం తింటున్న అన్నం వదిలేసి జీపు తీశాడు. తీరా చదివితే 'మాత్రలు పంపాము' అని ఉంది. పంపాములో పాము దూరింది! 'చెప్పాము'లోనూ అంతే. సింహాచలం కిటికీలోంచి తొంగిచూసి, "మేడమ్‌గారూ, ఇంతకీ పామెక్కడున్నాది? మాత్తర్ల డబ్బాలోనా?" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "లేని పాముని చూపించింది సూరిబాబుగారూ, ఉన్న పాముని దాచదని ఏటి నమ్మకం?" అన్నారు. విజయనగరం మనిషి, ఎంత చదువుకున్నా ఆ 'ఏటి'ని వదల్లేదు.

కంపెనీ వాడు దాన్ని సరిచేశాడు. మాటకు ముందు ఖాళీ ఉంటేనో, మెసేజ్ మొదట్లో ఉంటేనో తప్ప లెక్కలోకి రాకుండా మార్చాడు. గంట సద్దుమణిగింది. అక్కడితో ఆగాడా? ఇతరాల పెట్టె ప్రతి సాయంత్రం దానంతటదే ఖాళీ అయ్యేటట్టు చేసిపెట్టాడు. "మిషన్ చదివేసింది కదా మేడమ్, మళ్లీ మనిషెందుకు?" అన్నాడు ఫోనులో. ఆ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ కొండ మొహం చూసినవాడు కాడు! మేడమ్ వాదించలేదు. అది ఖాళీ అయ్యేలోపు రోజూ కూర్చుని ఇతరాలన్నీ చదివేవారు. ధింసా ఆటకు రమ్మనే పిలుపులు, జీతం రాలేదన్న గోడు, ఎవరి మేకో తప్పిపోయిన సంగతి. "గంట మోగితే నాకు భయం లేదండీ, ఏటి చెయ్యాలో తెలుసు. మోగని రోజే ముద్ద దిగదు" అనేవారు.

వానాకాలం. మబ్బు కిటికీ దాకా దిగింది. పొద్దుటి నుంచి గంట మోగలేదు. సాయంత్రం కావస్తుండగా ఇతరాలు చదువుతున్న మేడమ్ ఒక మెసేజ్ దగ్గర ఆగిపోయారు. మళ్లీ మొదటి నుంచి పైకి చదివారు: "గుంటకి పురుగు ముట్టింది. చోడి చేలో. కాలు వాసిపోతంది. ఏటి సెయ్యాలో బేగి సెప్పండి."

గుమ్మంలో సింహాచలం బీడీ పారేశాడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల, చోడి అంటే రాగి. ఇక పురుగు, మా ముగ్గురికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. పాము కరిచినప్పుడు దాని పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే మళ్లీ వస్తుందని భయం. పురుగు అనే అంటారు. మా ఇళ్లన్నిటిలోనూ ఉన్న ఆ మాట, వెతికే వరసలో మాత్రం లేదు. మెసేజ్ మధ్యాహ్నం వచ్చింది. అప్పటి నుంచి మేకల కబుర్ల మధ్య పడి ఉంది.

"బేగి ఎక్కండమ్మా" అన్నాడు సింహాచలం. మేడమ్ ముంచింగిపుట్టు దారిలో మెసేజ్ వచ్చిన ఊరి పేరు అరచేతి మీద రాసుకుని పరిగెత్తారు. నేను ఫోను దగ్గర మిగిలాను. మెసేజ్ పెట్టిన కార్యకర్తకు ఎన్నిసార్లు కొట్టినా కలవలేదు. నా కళ్ల ముందే వేళయింది. ఇతరాల పెట్టె తెల్లగా ఖాళీ అయిపోయింది. ఆ పిల్లను గురించి ఎవరో రాసినట్టు ఇక ఎక్కడా ఆనవాలు లేదు. ఆవిడ చేయి చెమట పట్టి ఊరి పేరు చెరిగిపోతే? వాగు దాటలేకపోతే? ఆ తెల్లటి తెర చూస్తూ మళ్లీ మళ్లీ ఫోను కొట్టాను.

చాలా రాత్రయ్యాక మేడమ్ వచ్చారు. మోకాళ్ల దాకా బురద. "రెప్పలు వాలిపోయాయండీ పిల్లకి. ఊపిరి అందీ అందకుండా ఆస్పత్రికి చేర్చాం. ఇంజక్షన్ పడింది. బతుకుతాదన్నారు." కూర్చోలేదు. "ఆ మాట రాయండి సూరిబాబుగారూ. ముందు అది రాయండి" అన్నారు. ఆవిడ నిలబడి చూస్తుండగా వరస చివర 'పురుగు' చేర్చాను. కంపెనీ వాణ్ణి అడక్కుండానే పెట్టె ఖాళీ చేసే ముక్క పీకి పారేశాను.

మర్నాటి నుంచి 'బియ్యంలో పురుగు' అన్నా గంటే, 'పురుగుమందు' అన్నా గంటే. కంపెనీ వాడు ఫోనులో కేకలేశాడు. "మోగనీ బాబూ. లేచి నిలబడేది మేము కదా, నీకేటి?" అన్నారు మేడమ్.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను ఇప్పటికీ అడిగినవాళ్లకు చిన్న చిన్న పేజీలు రాసిపెడుతుంటాను. కుర్రాళ్లు ఏదో వెతికించి "ఏం లేదు తాతా" అంటారు. "లేదా? దొరకలేదా?" అని అడుగుతాను. రెండూ ఒకటే కదా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్లు వెళ్లాక కుర్చీ ముందుకు లాక్కుని, ఏ మాటకూ తగలని వాక్యాలన్నీ ఒక్కొక్కటే చదువుతాను. నాకు తట్టని మాటతో అందులోంచి ఎవరైనా పిలుస్తున్నారేమోనని.