ఓడ వైపు చూడని మరియమ్మ

2006వ సంవత్సరం, ఎండాకాలం. జగ్గయ్యపేటలో నా వీడియో మిక్సింగ్ షాపు. పెళ్లిళ్ల సీజను కాబట్టి టేబులు నిండా క్యాసెట్లే. అలాంటప్పుడు ప్రసాదు మాస్టారు ఒక గుడ్డసంచీ తెచ్చి వాటి మీదే పెట్టి, "వీటికి మళ్లీ ప్రాణం పొయ్యాలోయ్" అన్నారు. ప్రాణం పోసేది డాక్టర్లని, నేను తాళి కట్టే షాటు దగ్గర అక్షింతలు రెట్టింపు చేసేవాణ్ణని చెప్పాను. ఆయన నవ్వలేదు. సంచీలో ఉన్నది "చుక్కల రేవు".

మాస్టారెవరో ముందు చెప్పాలి. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. నాకూ చదువు చెప్పింది ఆయనే, కాకపోతే ఆ బళ్లో కాదు. పెళ్లిళ్లలో కెమెరా వెనక లైటు పట్టుకునే పనిలో ఉండగా, ముప్పై దాటాక, పెద్దవాళ్ల రాత్రిబడిలో ఆయన ముందు కూర్చుని అ ఆలు దిద్దాను. మిక్సింగ్ చేసేవాడు పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు తెర మీద టైపు చెయ్యాలి. అక్షరం రానివాడికి ఆ కుర్చీ ఎవరిస్తారు? ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవ. మొహమాటానికి అంటున్న మాట కాదు.

"చుక్కల రేవు" ఆయన 1995లో మా ఊరి కేబుల్ ఛానల్ కోసం తీసిన సీరియల్. వేరే లోకం నుంచి ఓడ ఒకటి వచ్చి ఎండిపోయిన ఊరి పక్కన దిగుతుంది. ఊరివాళ్లు దాన్ని తరిమేస్తారా, అన్నం పెడతారా అన్నది కథ. అది వచ్చే వేళకి బజారు ఖాళీ అయ్యేదని మాస్టారు అంటారు. అంత లేదు గానీ, జనం చూశారు. ఇప్పటికీ నన్ను పేటలో కొందరు ఓడ వెంకటేశ్వర్లు అనే పిలుస్తారు.

ఎందుకంటే ఆ ఓడ చేసింది నేనే. రెండు అల్యూమినియం బేసిన్లు మూతికి మూతి కలిపి అతికించి, చేపల గాలం దారంతో వేలాడదీశాను. వెనక నీలం గుడ్డ. దాన్ని మా పనిలో క్రోమా అంటారు. నీలం గుడ్డ ముందు బొమ్మని తీసి, తర్వాత ఆ నీలాన్ని మిక్సర్‌లో తీసేసి, ఆ చోట వేరే దృశ్యం పెట్టడం. పెళ్లి వీడియోలో కొత్త దంపతులు తామరపువ్వులో కూర్చుని గిరగిరా తిరుగుతారే, అదే విద్య. మా ఓడ అంచున నీలం గీత ఒకటి వణుకుతూ ఉండేది. ఓడకి చలేస్తోందని మేమే ఎగతాళి చేసుకునేవాళ్లం. ఇక వేరే లోకం కావాలంటే మాకు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరి బయట పని ఆగిపోయిన సున్నపురాయి క్వారీ ఉంది. తెల్లటి గట్లు, తెల్లటి దుమ్ము, చెట్టన్నది లేదు.

కేబుల్ ఓనరు సీరియల్ మళ్లీ వెయ్యడానికి ఒప్పుకున్నాడట. కానీ ఇప్పటి పిల్లలు దారం చూసి పకపకా నవ్వుతారు, గ్రాఫిక్స్ వేయించి తెండి అన్నాడట. నాకు గ్రాఫిక్స్ రావు. వచ్చిన మనిషి నందిగామలో ఉంది. పేరు స్వాతి, మాస్టారి పాత శిష్యురాలు. హైదరాబాదులో పని నేర్చి, పెళ్లయ్యాక నందిగామలో ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుంది. ఏ క్యాసెట్లో ఏముందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనక, షాపు మా తమ్ముడికి అప్పజెప్పి రోజూ నందిగామ బస్సెక్కాను.

మొదటిరోజు ఆ అమ్మాయి తెర మీద ఓడని ఆపి, దగ్గరికి వంగి చూసింది.

"బాబాయ్, ఇది గిన్నె కదా."

"గిన్నె కాదమ్మా, బేసిను."

ఆ అమ్మాయి పనితనం చూడాలి. పాత ఓడని తుడిచేసి ఆ చోట ఆకాశం నింపుతుంది. దాని మీద కొత్త ఓడని ట్రాకింగ్ చేస్తుంది, అంటే కెమెరా కదిలితే ఓడ కూడా దానితో పాటే కదిలేట్టు కట్టెయ్యడం, గేదెని గుంజకి కట్టేసినట్టు. ఆఖర్న రెండరింగ్. కంప్యూటరు ఆ బొమ్మనంతా వండటమన్నమాట. మధ్యలో కరెంటు పోతే మళ్లీ పొయ్యి వెలిగించాల్సిందే. కొత్త ఓడ క్వారీ అంతా కప్పేసేంత ఉంది. అడుగున దీపాలు, చుట్టూ పొగ. నా బేసిన్లు పోయాయని నాకేం బాధ లేదు. ఇదివరకే ఇలాంటిది చెయ్యగలిగితే బేసిన్లెందుకు కొంటాను?

ఆ రోజుల్లోనే నందిగామ బజారులో మరియమ్మక్క కనిపించింది. అప్పట్లో ఆమె పేట దగ్గర వేరే క్వారీలో రాయి కొట్టేది. సీరియల్లో ఊరి జనం కోసం మాస్టారు పిలుచుకొచ్చిన వాళ్లలో ఆమె ఒకతె. ఇప్పుడు టీచరు పని చేసే కూతురి దగ్గర ఉంటోంది. సీరియల్ మళ్లీ వస్తోందని చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి వేసినప్పుడు వాళ్ల వాడలో టీవీ లేకపోతే అందరూ కలిసి ఎవరింటికో పోయి కూర్చున్నారట. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందట.

"ఈసారన్నా నన్ను నేను చూసుకుంటా తమ్ముడూ. ఉన్నా గదా అందులో?"

"ఎందుకుండవక్కా" అనేశాను.

మర్నాటికి వాళ్ల వీధికంతా తెలిసింది. చర్చిలో ఆడవాళ్లకి కూడా చెప్పిందట.

ఆ వారంలోనే ఆమె ఉన్న షాటు మా తెర మీదికొచ్చింది. ఆమె ఉన్నది ఆ ఒక్క షాటులోనే. ఓడ మొదటిసారి దిగుతుంటే ఊరంతా తలెత్తి చూసే షాటది. జనమంతా ఎడమవైపు పైకి చూస్తున్నారు. మరియమ్మక్క మాత్రం కుడివైపు చూస్తోంది. చూడటమే కాదు, పక్కనున్న పిల్లని చంకలోకి లాక్కుని కిందికి కుంగిపోతోంది. పాత సీరియల్లో ఓడ చిన్నది, బొమ్మ మసక, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎడమపక్క ఆకాశమంత ఓడ దిగుతుంటే ఈమె దానికి వీపు పెట్టి ఎటో చూస్తోంది. తప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

మా పనిలో దీన్ని ఐలైన్ అంటారు. లేని వస్తువుని ఉన్నట్టు నమ్మించేది బొమ్మ కాదు, దాన్ని చూసేవాళ్ల కళ్లు. ఒక్క మనిషి చూపు తప్పినా అంత పెద్ద ఓడా అబద్ధమైపోతుంది.

స్వాతి దారి చెప్పింది. షాటుని కొంచెం పెద్దది చేస్తే కుడిపక్క అంచు ఫ్రేము బయటికి పోతుంది, దాంతో పాటే ఆమె కూడా. మాస్టారు ఫోన్లో సరేనన్నారు. ఒక్క మనిషి కోసం షాటు చెడగొట్టుకుంటామా అన్నారు. అందులో తప్పేం లేదు. నేనే అయితే పెళ్లి వీడియోలో ఆలోచించకుండా కోసేసేవాణ్ణి. కానీ బజారులో ఆమెకి మాటిచ్చింది నేను.

"కోసే ముందు ఒకసారి ఆవిణ్ణి అడుగుదాం" అన్నాను.

"ఏమని అడుగుతాం బాబాయ్, అన్నేళ్ల కిందట ఎటు చూశావనా?"

"అదే అడుగుదాం."

ఇల్లు దగ్గరే. స్వాతీ వచ్చింది. మరియమ్మక్క మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. కోస్తామన్న మాట నాకు నోటికి రాలేదు. ఓడ దిగేటప్పుడు ఎటు చూశావని మాత్రం అడిగాను. ఆమె ఏమాత్రం ఆలోచించలేదు.

"ఎటు చూస్తా? రాయొచ్చే వైపు చూశా."

"ఏ రాయక్కా?"

"నువ్వేగా తమ్ముడూ ఎర్రజెండా ఎత్తింది."

అప్పుడు తట్టింది నాకు. షూటింగు రోజు ఆకాశంలో ఓడ లేదు, ఎడమవైపు గట్టు మీద నేనున్నాను. జనం చూపులన్నీ ఒకే చోట నిలవాలని మాస్టారు ఒక కర్రకి ఎర్రగుడ్డ కట్టిచ్చి, చెప్పగానే పైకెత్తమన్నారు. జనంలో మిగతావాళ్లు ఊళ్లో నాటకాలాడే వాళ్లు, వాళ్లంతా గుడ్డ వైపు చూశారు. రాయి కొట్టే పనిలో ఉన్న మనిషి ఈమె ఒక్కతే. క్వారీలో ఎర్రజెండా లేచిందంటే రాయి పేల్చే మందు అంటించారని. అప్పుడు జెండా వంక చూస్తూ నిలబడితే తల పగులుతుంది. పేలే గట్టెటుందో చూసి, పక్కనున్న వాళ్లని లాక్కుని కూలబడాలి. ఆమె ఇదంతా మామూలుగా, పప్పులో ఉప్పెంతో చెప్పినట్టు చెప్పింది.

"అది షూటింగని తెలుసుగా అక్కా" అన్నాను.

"నాకు తెలుసు. ఒంటికి తెలీదుగా."

 ఆమే మా ఇద్దరి మొహాలూ చూసి, నెమ్మదిగా అడిగింది. "ఏం, చెడగొట్టానా?"

నేను నోరు తెరిచేలోపే స్వాతి అందుకుంది. "లేదు పెద్దమ్మా. మాకే అర్థం కాలేదు."

తిరిగొచ్చాక ఆ అమ్మాయి ఆ షాటు మళ్లీ మొదట్నించీ పెట్టుకుంది. కుడిపక్క క్వారీ గట్టుని విడిగా ఒక లేయర్‌గా కోసింది. లేయర్ అంటే బొమ్మ మీద పరిచే ఇంకో పొర. ఓడ గాలికి ఆ గట్టు పైభాగం పగిలి జారేట్టు, తెల్లదుమ్ము లేచి జనం మీదికొచ్చేట్టు పొర మీద పొర వేసింది. చూపుకి ఓడని తగిలించడం ఎప్పుడూ చేసే పనే. ఇక్కడ ఒక్క మనిషి చూపు కోసం కొండ విరిచింది. కరెంటు రెండుసార్లు పోయింది, పళ్లు కొరుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టింది. ఆ అంచు కోసేసి ఉంటే స్వాతికి ఈ పని తప్పేది. ఎవరూ అడిగేవాళ్లు లేరు. అందుకే ఆ అమ్మాయంటే నాకు ఇప్పటికీ గౌరవం.

చూడ్డానికి మాస్టారు పేట నుంచి వచ్చారు. మొదటిసారి చూసి మొహం చిట్లించారు.

"నా కథలో కొండ విరగదమ్మా."

"మీ షాటులో విరిగింది మాస్టారూ. ఆవిడ మొహం చూడండి."

మళ్లీ వెయ్యమన్నారు. ఈసారి ఊరంతా నోరు తెరుచుకుని ఓడని చూస్తుంటే, ఒక్క ఆడమనిషి ముందే ప్రమాదం పసిగట్టి పిల్లని లాక్కోవడం కనిపించింది. ఆ మొహంలో ఉన్న భయం మా నాటకాల వాళ్లెవరికీ రాదు. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "విరగనీ" అన్నారు. ఇన్నాళ్లకి తన కథలోని ఊరి జనంలో ఒక్క తెలివిగల మనిషి దొరికిందని కూడా అన్నారు.

సీరియల్ పేటలో వేశారు. పిల్లలు దారం కోసం వెతికారు, దొరకలేదు. మా కేబులు నందిగామకి రాదు కాబట్టి, మరియమ్మక్కకి నేనే సీడీ పట్టుకెళ్లాను. మధ్యాహ్నం పూట, కూతురి ఇంట్లో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు గడప దాకా కూర్చున్నారు. తన షాటు రాగానే ఎవరో "అదుగో నువ్వే" అన్నారు.  ఆమె చేత్తో మళ్లీ వెయ్యమని సైగ చేసింది. వేశాను. ఓడొచ్చింది, గట్టు విరిగింది, దుమ్ము జనాన్ని కమ్మేసింది. అంత పెద్ద ఓడ గురించి ఒక్క మాట అడగలేదు. నా వైపు తిరిగి,

"పిల్లకి తగల్లేదుగా తమ్ముడూ?" అంది.

తగల్లేదక్కా అన్నాను. ఆ రాళ్లు కంప్యూటర్లో పుట్టాయని చెప్పబుద్ధి కాలేదు. అన్నం తినందే వెళ్లనివ్వలేదు.

నా బతుకులో ఇంత పని నేర్పినవాళ్లు ముగ్గురే. అక్షరం మాస్టారు నేర్పారు. ఓపిక స్వాతి నేర్పింది. మరియమ్మక్క నేర్పింది రోజూ పనికొస్తోంది. పెళ్లి వీడియోలో దండలు మార్చుకునే వేళ ఎవరో ఒకరు పక్కకి చూస్తూనే ఉంటారు. మునుపు చటుక్కున కోసేవాణ్ణి. ఇప్పుడు కోసే ముందు ఆ ఇంటివాళ్లకి చూపించి, ఎటు చూస్తున్నారండీ అని అడుగుతాను. ఎక్కువసార్లు ఏమీ ఉండదు. వంటవాడు కేకేశాడనో, చెప్పులెవరో తీశారనో చెప్తారు. అప్పుడు కోసేస్తాను. కానీ అడిగాకే కోస్తాను.