కాగితం మీద లేని వంపు

పటాన్‌చెరు వెనక మందుల కంపెనీలో లింగం నౌకరీకి చేరింది ఎనభై ఆరులో. ఆ కంపెనీ వెలిసిందే వాళ్ల జొన్నచేలో. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరీ అన్నారు. ఐటీఐ చదివి సంగారెడ్డిలో ఒక కాంట్రాక్టరు దగ్గర నక్షాలు గీస్తున్నాడు కాబట్టి అన్నదమ్ముల్లో అది లింగానికి దక్కింది. తమ చేను పోయి ఫ్యాక్టరీ ఎలా అవుతుందో తన చేత్తోనే గీసి ఇచ్చిన మనిషి అతను. ఆ బాధ ఎవరితోనూ చెప్పుకోలేదు.

గీత విషయంలో లింగానికి వంక పెట్టేవాడు లేడు. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. అతని కాగితాల మీద ఆ గీకుడు మచ్చ వెతికినా దొరికేది కాదు. కష్టమల్లా వేరే ఉండేది. గోడల నక్షా ఒకరిది, కడ్డీల నక్షా ఇంకొకరిది, పైపుల నక్షా మూడో వాళ్లది. ఈ మూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేది కట్టేచోటనే. స్లాబు పోశాక పైపు వచ్చి దూలానికి తగిలేది. ఆర్కిటెక్టు ఇంజినీరును తిట్టేవాడు, ఇంజినీరు లింగాన్ని తిట్టేవాడు, లింగం తిట్టడానికి ఎవరూ మిగలక చాయ్ తాగడానికి పోయేవాడు.

ఎనభై ఏడులో షెడ్డు నుంచి మురుగునీళ్ల తొట్టిదాకా భూమిలో పైపు వేయాల్సి వచ్చింది. నక్షాలో అది తిన్నని గీత. ఆ గీత సరిగ్గా లింగం తల్లి ముత్యమ్మ సమాధి మీదుగా పోయింది. చేను గట్టున ఆమెను పూడ్చినప్పుడు అతనికి పద్నాలుగేళ్లు. సమాధి రాళ్లను బుల్డోజరు ఎప్పుడో తోసేసింది, తల్లి మాత్రం కిందనే ఉంది. పెద్దసార్లకు చెప్పే ధైర్యం లింగానికి లేదు. కందకం తవ్వించే మేస్త్రీ ఐలన్న వాళ్ల ఊరివాడే.

"ఐలన్నా, జెర పక్కకు తిప్పు. మా అవ్వున్నది ఆడ," అన్నాడు.

ఐలన్న పైపును ఆరడుగులు పక్కకు తిప్పి, సమాధి దాటాక మళ్లీ గీతలోకి తెచ్చాడు. పని అయ్యాక, ఉన్నది ఉన్నట్టు నక్షా గీసే వంతు లింగానిదే. వంపు గీస్తే ఎందుకని అడుగుతారు. తిన్నగా గీసి, మూలన తన పేరు రాశాడు.

పైన గడ్డి పెంచారు. ఏటా పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాసనాడు లింగం తన టిఫిన్ డబ్బాలోంచి నాలుగు ముద్దలు అక్కడ పెట్టి వచ్చేవాడు. కాకుల మీద ప్రేమ ఎక్కువైందని వాచ్‌మన్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అని ఊరుకునేవాడు.

రెండువేల ఏడులో ఆ గడ్డి మీద కొత్త బిల్డింగు అన్నారు. ఈసారి ముందు కంప్యూటర్లో కట్టి చూస్తారట. ఆ పని చేసే ఇంజినీరు చంద్రకళ, సంగారెడ్డి కిరాణా వ్యాపారుల అమ్మాయి. పాత నక్షాలు చదివి చెప్పడానికి లింగాన్ని ఆమె పక్కన కూర్చోబెట్టారు. మొదటిరోజు కుర్చీ దూరంగా వేసుకున్నాడు. నాలుగు రోజులకు ఆమె భుజం మీదుగా తొంగిచూడటం మొదలుపెట్టాడు. ఆమె ఒక కిటికీ జరిపితే ప్లానులో, బయటి గోడ బొమ్మలో, బిల్డింగును కోసి లోపల చూపే అడ్డకోతలో అన్నిట్లో అదే జరిగేది. ఇటుకల లెక్క కూడా మారేది. లింగానికైతే పదకొండు కాగితాలు గీకే పని, వారం రోజులు. అతనికి సంతోషమూ కలిగింది, కడుపుమంటా కలిగింది. రెండూ నిజమే.

"ఇప్పుడు చూడుండ్రి అంకుల్. పునాది పైపుకు యాడన్న తగిలితే ఇదే చెప్తది," అంటూ ఆమె మీట నొక్కింది.

ఎక్కడా తగలడం లేదని వచ్చింది. ఏడో నంబరు పునాది ఆ తిన్నని గీతకు రెండడుగుల ఎడంగా మొదలై, ఎనిమిదడుగుల వెడల్పున హాయిగా కూర్చుని ఉంది. అంటే ఆరడుగులు పక్కకు తిరిగిన అసలు పైపుకు సరిగ్గా నెత్తిమీద. గుంత తవ్వితే పైపు పగులుతుంది. మంటలెత్తించే యాసిడ్ నీళ్లు, గుంతలో నలుగురు కూలీలు. ఆ పక్కనే అవ్వ. మిషను అబద్ధం ఆడలేదు, లింగం గీతను నమ్మింది.

చెబితే ఇరవై ఏళ్ల మంచి పేరు ఒక్కపూటలో పోతుంది, రిటైరు కావడానికి మూడేళ్లుండగా నౌకరీ కూడా పోవచ్చు. ఆ మధ్యాహ్నం తినకుండానే డబ్బా మూసేసి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"మేడం, ఆ పైపు ఆడ లేదు."

"నక్షల ఉన్నది గద అంకుల్?"

"నక్ష నేనే తప్పు గీసిన. తెలిసే గీసిన."

మర్నాడు పొద్దున అతను చూపించిన చోట పారలతో మెల్లగా తవ్వించారు. మూడడుగుల కింద పైపు వీపు కనపడింది. మేనేజరు అందరి ముందూ కేకలేసి మెమో చేతిలో పెట్టాడు. లింగం తలవంచుకుని సంతకం చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు కానీ, ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

చంద్రకళ కంప్యూటర్లో పైపును వంచి మళ్లీ మీట నొక్కింది. ఏడో నంబరు ఎర్రగా వెలిగింది. పునాదిని అవతలికి జరిపింది. దానితోపాటు దూలాలూ కడ్డీల లెక్కా సర్దుకున్నాయి, ఎరుపు పోయింది. అప్పుడు అడిగింది.

"గిట్ల ఎందుకు తిప్పిన్రు అంకుల్? ఈ నడుమ ఏమున్నది?"

లింగం చెప్పాడు. ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత, వంపు లోపల ఒక చిన్న పెట్టె గీసింది.

"దీన్ని గూడ పెడ్దాం. రేపు మనం లేకున్నా ఈడ ఎవరూ తవ్వొద్దు. పేరు ఏం రాయమంటరు?"

"ముత్యమ్మ అని రాయి బిడ్డా."

ఆమె ఒక్కసారి కొట్టిన ఆ పేరు ప్లానులోనూ, అడ్డకోతలోనూ, తవ్వకం నక్షాలోనూ కనిపించింది. లింగం ఒక్కొక్కటీ చూశాడు.

"లోతు గూడ అడుగుతున్నది అంకుల్. మీకు ఎర్కనా?"

"నాలుగడుగులు," అన్నాడు లింగం. "అవ్వను దింపకముందు లోతు సూడమని మా నాయిన నన్నే దింపిండు. నా ఎదదాంక వచ్చింది."