వెనక సీటు

టాక్సీ నడిపినన్నాళ్లూ ఆ కొండమలుపు దగ్గర వెనకనుంచి "అదిగో సముద్రం!" అన్న కేకలు వినడమే తప్ప, ఆయన ఒక్కసారీ తల తిప్పిన పాపాన పోలేదు. తిప్పితే కేకలు వేరే రకంగా ఉండేవి మరి!

ఈ వానాకాలం కూతురు తనే స్టీరింగ్ పట్టి, అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టింది. కిటికీ పక్క చోటు కోసం ఆయన భార్యతో చిన్నపిల్లాడిలా పేచీ పెట్టి మరీ సాధించాడు. దారి పొడుగునా అద్దం మీది ఆవిరి తుడుస్తూనే ఉన్నాడు.

మలుపు రానే వచ్చింది.

"అబ్బ! ఆ అలలు చూశారా?" అంది భార్య.

"చూశానే," అన్నాడు.

ఆయన కళ్లు ముందున్న తడి రోడ్డును వదల్లేదు. కుడికాలు, అక్కడ లేని బ్రేకును తొక్కిపట్టి ఉంది. మలుపు దాటాక మెల్లగా అడిగాడు:

"తిరిగొచ్చేటప్పుడూ ఇటేగా, అమ్మాయ్?"