తీగ చుట్టిన ఇల్లు

మా గురువర్యులు కామేశ్వరరావు మాస్టారు పోయిన గురువారం మండపేటలో, స్వగృహంలో పరమపదించారు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ కంఠం మూగబోవడమేమిటి! హైస్కూల్లో ఆయన భౌతికశాస్త్రం చెబుతుంటే ఎదుటి రైస్‌మిల్లు మోత చిన్నబోయేది.

అంత గొంతు అలవడింది అర్ధాంగి వరలక్ష్మిగారి కోసం. టైఫాయిడ్ పోతూపోతూ ఆవిడ వినికిడిని పట్టుకుపోయింది. చెవి మిషను కొన్నారు గాని, దాని సెల్లు మద్రాసు నుంచి రావాలి. వచ్చేదాకా ఆ ఇంట మౌనవ్రతమే. మాస్టారికి ఒళ్ళు మండింది. సెల్లు అయిపోతే సంసారం ఆగిపోవాలా అన్నారు.

ఇంటి గోడల చుట్టూ రాగితీగ తిప్పారు. మన మాట మైకులోంచి ఆంప్లిఫయరుకీ, అక్కణ్ణించి ఆ తీగలోకీ పారుతుంది. ఆవిడ చెవిలో గవ్వంత తీగచుట్ట. దానికి సెల్లు లేదు, వైరు లేదు. పెద్దతీగ చుట్టిన మేర ఇంట్లో వ్యాపించే శక్తినే అందుకుని పలుకుతుంది. ఊరు నవ్వింది. నేనూ సందేహించాను.

"శక్తి అక్కడే ఉందిరా. పట్టుకునే దోసిలి మనం చెయ్యాలి," అన్నారు.

గుండెలో పెట్టే యంత్రాలు కూడా ఒకనాటికి ఇలాగే నడుస్తాయని, రాసిపెట్టుకోమని చెప్పారు. ఆ మహనీయుడి ధీమా అలాంటిది.

ఆ తీగ పుణ్యమా అని ఆవిడకు వినబడిన తొలిమాట, కాఫీలో పంచదార ఎక్కువైందన్న ఫిర్యాదు! ఆవిడ కాసేపు ఏడ్చి, ఇన్నాళ్ళూ తాగి ఇప్పుడా చెప్పడమని దెబ్బలాటకు దిగారు. గడప దాటితే వినబడదు, కరెంటు పోతే వినబడదు. అంచేత ఆ దంపతుల తగువులన్నీ ఇంట్లోనే, కరెంటున్నప్పుడే.

ఈమధ్య గుండెజబ్బుతో ఆయన్ని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి తీసుకెళ్ళమని ఒకటే పట్టు. సొంతింట్లో పోవాలన్న తాపత్రయం కాబోలనుకున్నాం. కదిలిస్తే ప్రమాదమని డాక్టరుగారు వారించారు. అమ్మగారు మంచం పక్కన కూర్చుని ఆయన పెదవుల కేసి చూస్తున్నారు. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒరే, ఇక్కడ తీగ లేదురా."

అప్పటికి గాని మాకు బుర్ర వెలగలేదు. వెంటనే కారు మాట్లాడాం.

ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. ఆయన ఫ్యాను కేసి చూస్తూ పడుకున్నారు. సాయంకాలం ఫ్యాను కదిలింది. అమ్మగారు తీగచుట్ట చెవిలో పెట్టుకుని, మైకు ఆయన నోటి దగ్గరుంచి వంగారు. వినబడుతోందా అని అడిగారాయన. ఆవిడ తలూపారు.

"పంచదార ఎక్కువని ఊరికే అన్నానే. కాఫీ ఎప్పుడూ బాగుండేది."

ఆయన చివరిమాట అదే.

అటువంటి ప్రజ్ఞాశాలి, అటువంటి భర్త మాకు మళ్ళీ కనబడరు. ఆ పాదాలకు నా ప్రణామం. నిన్న వెళ్ళి అమ్మగారిని పలకరించాను. ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోందన్నారు. మీ యంత్రం బాగానే పనిచేస్తోందండి, మాస్టారూ.