పది పేర్లకు ఒక్క నెత్తురు

దుర్గమ్మకు మిర్యాలగూడలో ఇల్లు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా నెత్తురే. అది పదిమందికి సరిపడా ఉండేదని కాగితాలే చెబుతాయి. ఆ కాగితాలు రాసింది నేనే. షావుకారు పాండురంగం గారి రైసు మిల్లులో గుమాస్తాను.

1971 ఎండాకాలంలో సూర్యాపేట నుంచి సత్యానందం అనే పరీక్షాయన వచ్చాడు. కూలి ఆడవాళ్ల నెత్తురులో ఇనుము ఎంతుందో చూస్తాడట. వేలు గుచ్చి, చుక్కను కాగితానికి అద్ది, ఎరుపు రంగుల అట్ట పక్కన పెట్టి నూటికి ఇంతని అంకె చెబుతాడు. తక్కువుంటే ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఇంకేముంది, తక్కువున్నవాళ్లకు పని బందని కళ్లంలో వడ్లు ఆరబోసే ఆడవాళ్లంతా నమ్మేశారు.

అందరికంటే ఎక్కువ వణికింది దుర్గమ్మ చెల్లెలు సైదమ్మ. ఐదో నెల గర్భం, ముఖం సున్నం కొట్టిన గోడ. కూలి ఆగితే ఆమె పొయ్యి ఆరిపోతుంది.

"నువ్వు ఫికర్ జెయ్యకు సెల్లె. నీ పేరుకు నా ఏలు ఇస్త," అంది దుర్గమ్మ. ఇంకో తొమ్మిది మంది "అక్కా, మాకు గూడ" అన్నారు.

దారి చూపించింది మా షావుకారి మడే. వడ్ల దుమ్ము కాళ్లతో కూలీలు ఆయన కూర్చునే గద్దె ఉన్న గది గడప తొక్కకూడదు. అందుకని పరీక్షాయన లోపల పరుపు మీద కూర్చున్నాడు, ఆడవాళ్లు బయటి నుంచి కిటికీ ఊచల్లో చేయి పెట్టారు. నేను పేరు పిలిస్తే చేయి వచ్చేది. పేరు కొత్తది, వేలు కొత్తది, చేయి మాత్రం పాతదే. మూడో పేరుకే నాకు అర్థమైంది. నోరు మూసుకున్నాను, నా జీతం అందుకే కదా.

"అందరికీ ఒకటే పచ్చబొట్టా?" అని సత్యానందానికి ఒకసారి అనుమానం వచ్చింది.

"ఒకతే పొడిసింది సార్," అంది బయటి నుంచి దుర్గమ్మ. ఆయన తృప్తి పడ్డాడు.

పది పేర్లకూ తొంభై వచ్చింది. చివర దుర్గమ్మ సొంత పేరు పిలిచేసరికి వేళ్లు అయిపోయాయి. "నాకు సూదంటే భయం సార్, నేనియ్య," అని చేతులు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. కాగితంలో ఆమె పేరు పక్క గడి ఖాళీగా ఉండిపోయింది. ఇంత ఆరోగ్యమైన మిల్లు తాను చూడలేదని సత్యానందం మెచ్చుకున్నాడు. అంతా తన చలవేనన్నట్టు షావుకారు మీసం దువ్వాడు.

నెల తిరిగేసరికి పక్క మిల్లులో తక్కువ అంకె వచ్చినవాళ్లకు ఇనుము గోళీలు వచ్చాయి. ఎవరి పనీ పోలేదు. మా మిల్లుకు మెప్పు ఉత్తరం వచ్చింది. సైదమ్మ కళ్లంలో కూలబడింది.

దుర్గమ్మ ఆమెను సూర్యాపేట తీసుకుపోయి సత్యానందానికి నిజం చెప్పేసింది. అక్కడి సంగతి తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆయన సైదమ్మ వేలు గుచ్చి చూస్తే నలభై.

"ఈమె పేరున తొంభై అని పైకి పంపేశానమ్మా. ఇప్పుడు మారిస్తే నా ఉద్యోగం ఉంటుందా?" అన్నాడు. పుట్టింది కోదాడలో, మాట మెత్తన.

"మీరేం మార్సకుండ్రి సార్. నా గడి ఖాళీగున్నది గదా, ఈ నలబై ఆడ రాయుండ్రి. గోళీలు నా పేరు మీదొస్తయి, అది మింగుతది."

కలం వెంటనే కదిలింది. అబద్ధం రాయడానికి గడి ఖాళీగా ఉంటే ఏ ఉద్యోగికీ అడ్డం లేదు.

వారం తర్వాత గోళీల పొట్లంతో పాటు కాగితమూ మిల్లుకు వచ్చింది. షావుకారు చదివి దుర్గమ్మను పిలిచాడు.

"నెత్తురు లేని మనిషివి. కళ్లంల పడి సస్తే నా మెడకు సుట్టుకుంటది. రేపటి సంది రాకు. మీ సైదమ్మకు తొంబై ఉన్నది, అది ఉండనీ."

దుర్గమ్మ నానిన వడ్ల గంప ఎత్తుకొచ్చి ఆయన ముందు దించింది. అడుగైనా తూలలేదు. ఆయన గంపను చూడలేదు, కాగితాన్నే చూశాడు.

నాకు సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి నోరు తెరవబోయాను. దుర్గమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది:

"సెప్పకు సారూ. గోళీలు బందైతయి."

పొట్లం చెల్లెలి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నేను కూలీల పట్టీ తీసి ఆమె పేరు కొట్టేశాను.