పాలమూరు బస్సులో జింక పెంటికలు

అచ్చంపేటలో పాలమూరు బస్సు తెల్లవారకముందే కదులుతుంది. పశువుల దవాఖానకు పోయేవారు దాన్నే పట్టుకోవాలి. ఎండెక్కాక పోతే పెంటికలు ఎండిపోయి డాక్టరుకు పనికిరావు. నేను రెండు మోదుగాకు పొట్లాలను తడిబట్టలో చుట్టుకొని ఎక్కాను. ఒకదానిలో మా గొర్రెల పెంటికలు, ఇంకోదానిలో జింకలవి.

మా మందలో గొర్రెలు దవడ కింద నీరు దిగి చచ్చిపోతున్నాయి. అడవి అంచున ఉన్న మా కుంటకు జింకలూ వస్తాయి. రోగం అవే తెచ్చాయని, తుపాకీవాళ్లను పిలిపిస్తానని మా మరిది లింగయ్య పట్టుబట్టాడు. నేను తిరిగొచ్చేదాకా ఆగమని మాట తీసుకొని బయల్దేరాను.

కల్వకుర్తి దాటాక కండక్టరు పొట్లాలు చూసి ఫలహారమా అని అడిగాడు. ఉన్నమాట చెప్పాను.

"అయితే జింకలు టికెటు లేకుండ పోతున్నయా, అవ్వా?"

"దిగేటప్పుడు లెక్కవెట్టుకో, బిడ్డా."

పక్కన గాజులమ్ముకునే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా పొట్లాలకు ఎండ తగలకుండా లేచి, నీడవైపు తన చోటు నాకిచ్చింది.

జడ్చర్లలో చాయకు దిగలేదు. ఇంటి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ ఉన్నాయి. మీరూ అట్లాగే తెచ్చుకోండి. హోటళ్ల ముందు నిలబడితే దవాఖాన మూసేస్తారు.

డాక్టరు చిన్నవాడు. పెంటికలను విడివిడిగా నీళ్లలో కలిపి, వడగట్టి, పెద్దగా చూపే అద్దం కింద పెట్టి నన్నూ చూడమన్నాడు. రెండింటిలోనూ ఒకే తీరు పసుపుపచ్చ గుడ్లు. కార్జంలో, అంటే కాలేయంలో చేరే జలగలవట. అవి కుంట బురదలోని నత్తల్లో పెరిగి ఒడ్డు గడ్డికి అంటుకుంటాయట.

"అయితే జింకలే తెచ్చినయా, సారూ?"

"మీ గొర్లే వాటికి అంటించినయేమో, అవ్వా. గొర్లకు మందు తాగిస్తవు. జింకలకు ఎవరు తాగిస్తరు?"

ఆయనే దారి చెప్పాడు. మందలో అన్నిటికీ మందు పోయాలి. బురద ఒడ్డుకు ముళ్లకంప అడ్డం కొట్టి, గడ్డి లేని రాతి ఒడ్డునే నీళ్లకు వదలాలి. గొర్రెలకైనా జింకలకైనా అదే కాపలా అన్నాడు. ఒక్కోదానికి ఎంత పోయాలో సీసా మీద గీత గీసిచ్చాడు.

పొద్దుగూకే వేళకు అచ్చంపేటలో దిగితే లింగయ్య బండి కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"జింకలవేనా, వదినె?"

"మనవి గూడ. గొడ్డలి నూరు, కంప కొట్టాలె."

బండి సగం దారి పోయినాక అన్నాడు, "తుపాకోళ్లకు కబురంపలే."

జింకలు ఇప్పుడు రాతి ఒడ్డుకే దిగుతున్నాయి. అవి తల వంచి నీళ్లు తాగుతుంటే డాక్టరుకన్నా ముందు నాకు, ముక్కు మూసుకొని కూడా నీడలో చోటిచ్చిన ఆ గాజులామె గుర్తుకొస్తుంది.