నన్ను అమ్మకిప్పించిన ప్లీడరు తాత

పెనుకొండ ప్లీడరు తాత పోయారని పోయిన వారం సంతకు వచ్చిన మనిషి చెప్పాడు. అమ్మ అప్పుడు చింతపండు గింజలు తీస్తోంది. విన్నది, పని ఆపలేదు. కాసేపటికి లేచిపోయి తలకు నీళ్ళు పోసుకొని వచ్చింది. రక్తసంబంధం లేని మనిషికి మనకు మైలేమిటని మేనమామ అడిగితే, "నా బిడ్డను నాకు ఇప్పించినోడన్నా. తండ్రి కాక ఇంకేమైతాడు?" అంది.

మీలో చాలామంది ఆయన పేరు విని ఉండరు. కోర్టులో గొంతు పెంచే మనిషి కారు. అరవని ప్లీడరుకు ఇచ్చిన దుడ్లు దండగని అనుకునే రోజులవి. మా హిందూపురం నుంచి కూడా ఆయన దగ్గరకు పోయేవాళ్ళు తక్కువ. అమ్మ ఆయన దగ్గరకు పోయిందంటే ఎవరో చెప్పి పంపబట్టే గానీ ఎంచుకొని కాదు.

నాయన ఉన్నప్పుడు మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. పట్టుచీర నేసేటప్పుడు నేతగాడి పక్కన కూర్చుని అంచు దారం చుట్టి, పోగుల మధ్య అటూ ఇటూ తోసే నాడెను అందుకొని తిరిగి ఇవ్వడానికి ఒక చిన్న చెయ్యి కావాలి. మా ఇంట్లో ఆ చెయ్యి నాది. మగ్గం మీద నిలువుపోగుల పడుగు సగం నేతలో ఉండగానే నాయన జ్వరంతో పోయాడు. పోయిన మనిషి పడుగు అట్లే నిలిచిపోతే ఇంటికి మంచిది కాదని మావాళ్ళ నమ్మకం. అందుకని నాయన తమ్ముడు, మా చిన్నాయన, దాని ముందు కూర్చున్నాడు. అదే సమయానికి హిందూపురంలో అవ్వ మంచాన పడింది. అమ్మ పుట్టింటికి పోతూ, "ఈ పడుగు అయ్యేదాకా పిల్లను పెట్టుకో. అయినాక తోలుకొని పోతా" అని నన్ను వదిలిపోయింది.

మగ్గం ఇంట్లో బతికిన మనిషి అనాల్సిన మాట కాదది. పాత పడుగు కొసలు ఉండగానే కొత్త పడుగు పోగులు వాటికి అతుకుతారు. మగ్గం ఖాళీ అయ్యే రోజంటూ రాదు. అమ్మ వచ్చినప్పుడల్లా చిన్నాయన "ఇదొక్కటి కానీ వదినా" అనేవాడు. చివరికి ఒకసారి, "నువ్వే వదిలేసి పోయినావు. ఇది మా ఇంటి పిల్ల" అన్నాడు. అమ్మ ఏడ్చుకుంటూ పెనుకొండలో రైలుబండి దిగింది.

ప్లీడరు తాత ముందు మజ్జిగ ఇప్పించారట. తర్వాత, "నీ వల్ల అయిన పొరపాటు ఏముండాదో అది ముందు చెప్పమ్మా. ఎదురుపక్క ప్లీడరు నోట్లోంచి వింటే నేను చేసేది ఏమీ ఉండదు" అన్నారట. అమ్మ దాచకుండా చెప్పింది. ఆపైన మరిది మీద శాపనార్థాలు మొదలుపెడితే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "బిడ్డ ఎవురిదని కోర్టు అడగదమ్మా. యాడ ఉంటే బిడ్డకు మేలని అడుగుతాది. వాన్ని తిడితే నీ దగ్గర మేలని ఎట్ల తెలుస్తాది?" అన్నారు. పిల్లను బడికి పంపుతావా అని అడిగితే అమ్మ పంపుతానంది. "అయితే పోయి ఆ బడి యాడుండాదో, పంతులు ఎవురో చూసుకొని రా. అప్పుడు అర్జీ రాస్తాం" అన్నారు. ఈ రోజు నేను అదే బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను.

కొన్నాళ్ళకు ఆయన ధర్మవరంలో మా ఇంటికి వచ్చారు. అవతలివాళ్ళ ఇల్లు చూడకుండా పిల్లల కేసు నడపకూడదనేది ఆయన పద్ధతి. తలపాగా, నల్లకోటు చూసి నేను చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, వెనక దాక్కున్నాను. ఎవరు కావాలని ఆయన నన్ను అడగలేదు. పొద్దున ఏం తిన్నావని అడిగారు. నా చెయ్యి తీసుకొని వేళ్ళ మీద పట్టుపోగు కోసిన గీతలు చూసి, మెల్లగా వదిలేశారు. చిన్నమ్మకు పిల్లలు లేరు. నా తల దువ్వి పూలు పెట్టేది ఆమే. ఆయన అదీ చూశారు. పోతూ పోతూ, "బిడ్డను బాగా చూసుకుంటాండావు తల్లీ" అని ఆమెతో అన్నారు.

అనంతపురంలో జిల్లా జడ్జి ముందు విచారణ. నాకు నాలుగు మాటలు నేర్పుతానని అమ్మ అంటే ఆయన ఒప్పుకోలేదు. యాడ ఉంటావని జడ్జిగారు అడిగితే, "అమ్మ దగ్గర. చిన్నమ్మ గూడా రావాల" అన్నాను. అమ్మ ముఖం పాలిపోయింది. తర్వాత చిన్నాయన బోనెక్కి, తల్లి వదిలేసిన పిల్లను సాకుతున్నానని చెప్పాడు. ప్లీడరు తాత లేచారు.

"మగ్గం మీద ఇప్పుడు పడుగుండాదా నాయనా?"

"ఉండాది సామీ."

"పిల్ల పోతే అంచు కాడ ఎవురు కూచుంటారు?"

చిన్నాయనకు అబద్ధం చేతకాదు. "ఎవురూ లేరు సామీ" అన్నాడు. ఆయన ఇంకొక్క మాట అడగకుండా కూర్చున్నారు.

తీర్పు అమ్మకు వచ్చింది. వరండాలోకి రాగానే అమ్మ, "పిల్ల వేళ్ళు చూపించింటే అప్పుడే తేలిపోయేది గదా సామీ. నాకు పానం పోయినట్లాయె" అంది.

"చూపించింటే నీ మరిది ఊర్లో తలెత్తుకోలేడు. రేపు పండక్కి ఈ పిల్ల ఆ ఇంటి గడప తొక్కాల గదమ్మా" అన్నారు.

నాకిప్పుడు ఎన్నో తీర్పుల గురించి తెలుసు. గెలుపు చేతికి అందేటట్లు ఉన్నప్పుడు ఓడేవాడి గడప గురించి ఆలోచించిన మనిషిని మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

అందరం ఒకే బండిలో తిరిగొచ్చాం. ధర్మవరం దాకా నన్ను చిన్నాయన ఒళ్ళోనే ఉంచమన్నారు తాత. ధర్మవరంలో చిన్నమ్మ ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తోంది. చిన్నాయన నన్నెత్తుకొని ఆమె దగ్గరకు దిగాడు. అమ్మ లేవబోయింది.

"కూచో. తెచ్చిస్తాడు" అన్నారు తాత.

"తేకపోతే?"

"తేకపోతే ఈ కోటు ఈడనే విప్పేస్తా. మళ్ళీ తొడగను."

చిన్నమ్మ నన్ను గుండెకు హత్తుకొని ఏడ్చింది. గార్డు ఈల వేశాడు. ఆమె వదలలేదు. చిన్నాయన ఆమె చేతులు ఒక్కొక్కటిగా విడిపించి, నన్నెత్తుకొని పరుగున వచ్చి కిటికీలోంచి అందించాడు. అమ్మ నా భుజాలు పట్టుకుంది. నా పాదాలు ఇంకా చిన్నాయన చేతుల్లోనే ఉన్నాయి. బండి కదిలాక వదిలాడు. అమ్మ ఒళ్ళోంచి తలెత్తి చూస్తే, ప్లీడరు తాత అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఆయన చెయ్యి కోటు పై గుండీ మీద ఉంది. విప్పిన ఆ గుండీని మళ్ళీ పెట్టుకుంటున్నారు.